నలుగురి కొలతలు లేని వంట పుస్తకం

“సరే అను అమ్మమ్మా. ఒక్క మాట. అంటే నోరు నొస్తదా?”

“నోరు నొయ్యది. చేసిన పని నొస్తది.”

“గంత పెద్ద కంపెనీవోళ్లు అచ్చేస్తమంటున్నరు. ఎంతమందికి దొరుకుతది గీ అదృష్టం? నువ్వేమో బతిలాడిపిచ్చుకుంటున్నవ్.”

“వాళ్లు అచ్చేస్తమనేది నేను రాసిన పుస్తకం గాదు. నలుగురికి వండే పుస్తకం. నలుగురికి నేనెన్నడు వండిన?”

“ఎన్నడు వండకపోతే ఇప్పుడు వండు. రెండు వందల మందికి రాసినవ్ గదా, యాభైతోని భాగిస్తే నలుగురికైతది. ఆ లెక్క నేను చేస్త, నువ్వు ఊకో.”

“లెక్కతోని పప్పు ఉడకదే పోరీ.”

“అయితే రేపు పొద్దుగాల ఫోన్ చేసి వద్దంటవా? ఇప్పుడు వద్దంటే మల్ల ఎవలడుగుతరు నిన్ను? నీకేమన్న ఇరవై ఏండ్లున్నయా?”

“అడగకపోతే మానె.”

“మానె అనుడు అల్కటి పని. టైపు కొట్టింది నువ్వా? నా వేళ్లు అరిగినయ్.”

తొర్రూరులో మా ఇంట్లో, పొయ్యి ముందు జరిగిన లొల్లి ఇది. అరిచింది నా బిడ్డ కూతురు మౌనిక. ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు చదువు చెబుతుంది. నేను చేత్తో రాసిన పుస్తకాన్ని బడి నుంచి వచ్చాక కూర్చొని కంప్యూటర్‌లో కొట్టింది ఆ పిల్లే. ఆ సాయంత్రం హైదరాబాద్ నుంచి ప్రచురణకర్త ఫోన్ చేశాడు. నా పుస్తకం వేస్తాడట. కానీ రెండు వందల మంది కొలతలన్నీ తీసేసి నలుగురి కొలతలు రాసివ్వాలట. పొద్దున్నే జవాబు చెప్పమన్నాడు.

ఈ లొల్లి ఎట్లా తెగిందో చివర్లో చెబుతాను. హాస్టల్ వంటలో కొత్తగా చేరే ఆడపిల్లలూ, చేసిన పని గురించి పుస్తకం రాసి ఎక్కడికి పంపాలో తెలియక కూర్చున్నవాళ్లూ ముందు కింది సంగతులు చదవాలి. నేను వీటిని ఆలస్యంగా తెలుసుకున్నాను. మీకు ఆ ఆలస్యం అక్కరలేదు.

నేను చేసిన పని

నర్సింహులపేట దగ్గర పుట్టాను. ఐదో తరగతితో బడి మానిపించారు. పెళ్లయిన కొన్నేళ్లకే ఆయన పోయాడు. జఫర్‌గఢ్‌లో ఒక బాలికల హాస్టల్లో గిన్నెలు తోమే పనికి కుదిరాను. తరువాత వంటకు మారాను. మహబూబాబాద్‌లో చాలాకాలం, చివరికి భూపాలపల్లిలో చేసి దిగిపోయాను. ఏ ఊళ్లో ఉన్నా హాస్టల్ వెనుక గదే నా ఇల్లు. నా బిడ్డ విజయ తొర్రూరులో మా అమ్మ దగ్గర పెరిగింది. సెలవులకు వచ్చినా వంట విజయే చేసేది, నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. అందుకే ఇంటి వంట నాకు అలవాటు కాలేదు. నేను పొయ్యి వెలిగించానంటే వందమందికి సరిపోయే గుండిగ ఎక్కాల్సిందే.

హాస్టల్ వంటంటే ఇంటి వంటకే పెద్ద గిన్నె పెట్టడం అని బయటివాళ్లు అనుకుంటారు. చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. గుండిగ తీరు వేరు. చిన్న గిన్నెలో పప్పు పొయ్యి ఆపగానే ఆగిపోతుంది. గుండిగలో పప్పు మంట తీసేశాక కూడా చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది. ఇంకాస్త పలుకుగా ఉండగానే దించాలి. పిల్లలు బడి నుంచి వచ్చేవేళకు అదే మెత్తబడుతుంది. మెత్తబడ్డాక దించితే వడ్డించేటప్పటికి అడుగంటి, మాడు వాసన మొత్తం గుండిగకు పడుతుంది. ఆ వాసనను ఏ పోపూ కప్పలేదు. అన్నం కూడా అంతే. ఎంత పెద్ద గుండిగ ఉన్నా అందరి అన్నం ఒక్కదాంట్లో వండకూడదు. పైన మెతుకు పైనే ఉడకక ఉంటుంది, అడుగుది ముద్దవుతుంది. రెండు గుండిగల్లో పెట్టి, రెండోది కాస్త వెనుకగా దించాలి. అప్పుడు వెనుక వచ్చే పిల్లలకు కూడా వేడి అన్నం దొరుకుతుంది.

ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పాత వంటమనిషి చెప్పేది కాదు. చెబితే తన పని పోతుందని భయం. అది తప్పుడు భయం. పని దాచుకున్నవాళ్ల వెనుక వచ్చినవాళ్లు పిల్లలకు మాడు పప్పు పెడతారు. శిక్ష పడేది పిల్లలకు.

అందరి వెనుక నిలబడమన్న మేడం

నేను చాలామంది వార్డెన్ల కింద పనిచేశాను. వంటింట్లోకి వచ్చి, గిన్నె పైనుంచి ఒక చెంచా తీసుకొని, “బాగుంది” అని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఒక్క సుగుణ మేడం మాత్రం వేరే రకం. మాట కరుకు. నా మాట కూడా కరుకే కనుక మా ఇద్దరికీ రోజూ గొడవే. కానీ పని నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఒక మధ్యాహ్నం నేను వడ్డించడానికి గంటె పట్టుకొని నిలబడ్డాను. ఆమె వచ్చి గంటె లాక్కుంది.

“నువ్వు పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడు.”

“ఎక్కడ మేడం?”

“ఎక్కడేంది? అందరెనుక.”

పోయి నిలబడ్డాను. నా ముందు ఆరో తరగతి పిల్ల, బుజ్జి అని పిలిచేవాళ్లు. పొట్టిది, నడక నెమ్మది, ఎప్పుడూ చివరే వచ్చేది. నన్ను చూసి నవ్వింది.

“ఆయమ్మా, నువ్వు గిట్ల నిలబడ్డవంటే ఇయ్యాల పప్పు మంచిగుంటది.”

“రోజు ఉంటలేదా?”

“రోజు మా దాక వచ్చేసరికి చారైతది.”

నిజమే. సగం మంది తినేసరికి తక్కువ పడుతుందనిపిస్తే మా సహాయకురాలు వేడినీళ్లు కలిపేది. అందరూ చేసే పనే, నేను వద్దనలేదు. ఆ రోజు నా పళ్లెంలో పడింది పసుపు నీళ్లు. సుగుణ మేడం వడ్డించి, నా మొహం చూసి, “ముందలోళ్లనడిగితె మంచిగున్నదనే అంటరు. నీ వంట ఎట్లున్నదో నన్నడగకు, గీ పిల్లనడుగు” అంది.

మరునాటి నుంచి పద్ధతి మార్చాను. పప్పును మొదటే రెండు గిన్నెల్లోకి తీయడం, రెండో గిన్నె మూత సగం మంది తిన్నాకే తీయడం, దాంట్లో చుక్క నీళ్లు కలపనివ్వకపోవడం. నా తిండి చివరి పిల్ల తరువాత, ఆ పిల్ల తిన్న గిన్నెలోంచే. నా పప్పు నీళ్లగా ఉంటే తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసేది. దిగిపోయేదాకా ఇది విడవలేదు. కొత్తగా చేరేవాళ్లు నా పుస్తకంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి పాటిస్తే చాలు.

భూపాలపల్లిలో ఇంకొకటి తెలిసింది. అడవి పక్క తండాల నుంచి వచ్చిన పిల్లలకు ఇంట్లో మాట వేరు, తిండి వేరు. చేరిన కొత్తలో అన్నం ముందు పెట్టుకొని ఏడ్చేవాళ్లు. పొగరు అని కసిరేవాళ్లు మావాళ్లు. ఒక పిల్లను పొయ్యి పక్కన కూర్చోబెట్టుకొని ఇంట్లో ఏం తింటావని అడిగాను. జొన్నరొట్టె, ఎండుమిర్చి వెల్లుల్లి నూరిన కారం అంది. అంతమందికి రొట్టెలు చేయడం నా చేత కాదు, కాదనే చెప్పాను. కారం మాత్రం రోట్లో నూరించాను. అదే పిల్లతో రుచి చూపించాను. “ఇంకింత ఎల్లిపాయ” అంది. ఆ కారంతో అన్నం తిన్నారు. ఆ తరువాత నన్ను ‘యాడీ’ అనేవాళ్లు, వాళ్ల మాటలో అమ్మ అని. చేయలేనిదాన్ని చేస్తానని పిల్లలకు చెప్పకండి. చేయగలిగిందాన్ని అడిగి చేయండి.

పుస్తకం ఎందుకు రాశాను

నేను దిగిపోయాక నా స్థానంలో స్వరూప అనే పిల్ల చేరింది. పని చేసే చెయ్యే కానీ గుండిగ కొత్త. రోజూ ఫోన్ చేసేది.

“అక్కా, పప్పు దించిన. గట్టిగైంది. నీళ్లు పొయ్యాల్నా?”

“సల్లనీళ్లు పోస్తె ఇరిగినట్టైతది. వేడినీళ్లు కాచి, ఉప్పేసి కలిపి పొయ్యి.”

“అక్కా, పచ్చిపులుసుకు చింతపండు ఎంత?”

“పాతదా కొత్తదా?”

“నాకేం తెలుసు?”

“రంగు చూడు. నల్లగుంటె పాతది, తక్కువెయ్యి.”

జఫర్‌గఢ్ నుంచి ఇంకొక పిల్ల, మహబూబాబాద్ నుంచి మరొకామె, ఇలా నలుగురైదుగురు అడిగేవాళ్లు. చెప్పిందే చెప్పి నాకు గొంతు పోయేది. వినీ వినక వాళ్లు పొయ్యి మీద గుండిగ వదిలి ఫోన్ పట్టుకునేవాళ్లు. ఒకరోజు మౌనిక విసుక్కుంది. “రోజు చెప్పుడు దేనికి అమ్మమ్మా? రాసియ్యి, వాళ్లే చదువుకుంటరు.” అలా మొదలుపెట్టాను. ఐదో తరగతి చదువుతో రాయడమంటే కష్టమే, కానీ నేను కథలు రాయడం లేదు. చేత్తో చేసింది నోటితో చెప్పినట్టే రాశాను. వర్షాకాలంలో కట్టెలు తడిస్తే ఏం చేయాలి, పురుగు పట్టిన పప్పును ఎట్లా చూడాలి, పరీక్షల రోజుల్లో ఏం పెట్టకూడదు, కడుపునొప్పి వచ్చిన పిల్లకు ఏది వండాలి. ఏడాది పట్టింది.

నేను చేసిన తప్పులు

రాయడం అయ్యాక పుస్తకం సంచిలో పెట్టుకొని జనగామ బస్సెక్కాను. అక్కడ మావాళ్ల పెళ్లి పత్రికలు కొట్టించిన ప్రెస్సు నాకు తెలుసు. అచ్చు వేసేవాడే పుస్తకం వేస్తాడనుకున్నాను. ప్రెస్సాయన మంచివాడు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

“అవ్వా, మేం అచ్చు కొట్టేటోళ్లం. ఏమిచ్చినా కొడతం. పుస్తకం వేసేటోళ్లు వేరే ఉంటరు.”

“ఫరకేంది?”

“మాకైతే నువ్వు పైసలియ్యాలె. కొట్టి, కట్టలు గట్టి, మీ ఇంట్ల దింపుతం. ఇగ వాటిని అమ్ముకునుడు, పంచుకునుడు నీ పని. వాళ్లయితే నీ పుస్తకం నచ్చాల్నని చదువుతరు. నచ్చితే వాళ్లే ఖర్చు పెట్టుకుంటరు, దుకాణాలకు పంపుతరు.”

“మంచం కింద పెట్టుకునేటందుకా నేను రాసింది?” అని లేచాను. ఆయన నవ్వాడు. నవ్వినా నాకు కోపం రాలేదు. ఆయన చెప్పకపోతే నా చేతిలో ఉన్న పైసలన్నీ అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. మొదటి పుస్తకం రాసినవాళ్లందరూ ముందు ఈ తేడా తెలుసుకోవాలి. మీ పుస్తకాన్ని చదవకుండానే వేస్తామనేవాళ్లు దొరికితే చెప్పులు తొడుక్కొని వచ్చేయండి.

రెండోసారి వరంగల్‌లో ఒక ప్రచురణకర్త దగ్గరికి పోయాను. నా కాగితాలు చూసి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాత క్యాలెండర్ల వెనుక, మౌనిక బడిలో మిగిలిన నోటు పుస్తకాల్లో, రెండు వైపులా, అంచు వదలకుండా రాశాను. ఒకవైపు సిరా రెండో వైపుకు దిగింది. నాకు అది గర్వంగా ఉండేది, ఒక్క కాగితం వృథా చేయలేదని. “అమ్మా, ఒకవైపే రాయాలి. చుట్టూ జాగా వదలాలి. మేం దిద్దాలి కదా” అన్నాడు. సగం కాగితం తెల్లగా వదిలేయాలంటే నా ప్రాణం ఒప్పలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆయన్ను తిట్టుకున్నాను. తరువాత ఆలోచించాను. ఆయన ఎవరు రాసిందైనా రోజంతా చదువుతాడు. నా కాగితం చూసి ఆయన కళ్లు నొస్తే నాదే నష్టం. పొదుపు నాకు మంచిదే కానీ చదివేవాడి కళ్లతో చేయకూడదు. అప్పుడే మౌనిక కంప్యూటర్ ముందు కూర్చుంది.

మూడోది హైదరాబాద్. మౌనిక ఫోన్‌లో చిరునామా వెతికి పట్టుకుంది. కొట్టించిన కాగితాలు పోస్టులో పంపాం. పైన ఒక చిన్న ఉత్తరం పెట్టాం: “అయ్యా, ఇది వంట పుస్తకం. నేను ముప్పై ఏళ్లకు పైగా వంట చేశాను. చూడగలరు.” అంతే. ఇంకేం రాయాలో తెలియలేదు. ఎదురుచూడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మొదట్లో రోజూ ఫోన్ చేద్దామనేదాన్ని. మౌనిక చేయనివ్వలేదు. అది మంచిదే అయింది. ఉడికే గుండిగ మూత మాటిమాటికీ తీస్తే ఏమవుతుందో నాకే బాగా తెలుసు.

నెలలు గడిచాక అక్కడి సంపాదకురాలు ఫోన్ చేసింది. నన్ను రమ్మంది. పోయాను. చిన్న వయసు, మాట మెత్తన, కానీ పనిలో మెతక కాదు. నా కాగితాల మీద ఎర్ర సిరాతో గీతలు గీసి పెట్టింది.

“అమ్మా, ‘ఉప్పు చూసి వెయ్యాలి’ అని చాలాచోట్ల రాశారు. చూసి అంటే ఎలా?”

“చూసి అంటే... చూసే. చేతికి తెలుస్తది.”

“మీ చేతికి తెలుస్తుంది. పుస్తకం చదివే ఆమె చేతికి తెలియదు కదా?”

నేను ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాను.

“ఇంకొకటి. ‘నాలుగు పిడికిళ్ల ఉప్పు’ అన్నారు. రాళ్ల ఉప్పా, మెత్తటి ఉప్పా?”

నేను రాళ్ల ఉప్పుతో రాశాను. ఇప్పుడు హాస్టళ్లలో అందరూ వాడేది ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు. అదే పిడికిట్లో అది ఎక్కువ పడుతుంది. నా పుస్తకం పట్టుకొని స్వరూప వండితే పిల్లలు నోట్లో పెట్టుకోలేకపోయేవారు. చదువుకున్నవాళ్లకు వంట తెలియదు అని అంతదాకా నా మనసులో ఉండేది. ఆ రోజు ఆ మాట నాలోంచి పోయింది. ఆమెకు వంట రాకపోవచ్చు. నేను ఏం రాయలేదో ఆమెకు కనిపించింది. నాకు కనిపించలేదు.

ఆమె అడిగినవన్నీ ఇంటికి వచ్చి మళ్లీ రాశాను. గంటెలకూ పిడికిళ్లకూ పక్కన తూకం పెట్టాను. మౌనిక మళ్లీ కొట్టింది. ఆమెకు పంపాం. ఆమె చదివి “ఇప్పుడు నేను కూడా వండగలను” అంది. అప్పుడు నాకు పుస్తకం వస్తుందని నమ్మకం కుదిరింది. ఆ తరువాతే ఆ సంస్థ యజమాని నుంచి ఫోన్ వచ్చింది, మొదట చెప్పింది అదే.

నలుగురికి వండి చూశాను

ఆ సాయంత్రం మౌనికతో లొల్లి పెట్టుకున్నానే కానీ, చూడకుండా వద్దనేదాన్ని కాదు. నా పద్ధతి అది కాదు. అరిచి అరిచి ఇద్దరం అలిసిపోయాక నేనే అన్నాను.

“సరే. లెక్క చెయ్యి. నువ్వు చెప్పినట్టే వండుత. తిని చెప్పు.”

మౌనిక కాగితం మీద అన్నీ యాభైతో భాగించి ఇచ్చింది. విజయ నవ్వుతూ పక్కకు జరిగి తన చిన్న గిన్నెలు ఇచ్చింది. పప్పు పెట్టాను. అలవాటు చొప్పున పలుకుగా ఉండగానే దించాను. గిన్నె చిన్నది, దించగానే చల్లబడింది, పప్పు పలుకుగానే నిలిచిపోయింది. మళ్లీ పెట్టాను. అప్పటికి నీళ్లు ఇగిరిపోయి అడుగు పట్టింది. గుండిగలో మూత కింద నీళ్లు తిరిగి కిందికే వస్తాయి. చిన్న గిన్నెలో పైకే పోతాయి. పచ్చిపులుసుకు లెక్కలో వచ్చిన చింతపండు చాలక తేలిపోయింది. మిరపకాయలు సగం సగం లెక్కలో వచ్చాయి. సగం కాయ ఎట్లా వేయను?

మౌనిక ముద్ద నోట్లో పెట్టుకొని నమిలింది. మింగడానికి నీళ్లు తాగింది.

“ఎట్లున్నది?”

“నీళ్లు కొంచెం ఎక్కువ పొయ్యాల్సుండె.”

“ఎంతెక్కువ?”

“నాకేం తెలుసు?”

“నాకు గూడ తెల్వదు. మల్ల ఎవలు రాస్తరు అది?”

విజయ మధ్యలో అంది. “నేను రాస్తనే అవ్వా. నలుగురికి వండుడు నాకొస్తది.”

“రాయి. అప్పుడు అది నీ పుస్తకమైతది. నీ పేరు మీదనే వెయ్యమను.”

విజయ నవ్వింది. మౌనిక నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీకు సమజైతలేదు అమ్మమ్మా. మా బడిల అందరికి చెప్పిన. మా అమ్మమ్మ పుస్తకం వస్తదని చెప్పిన. పుస్తకం మీద నీ పేరు చూడాల్నని నాకుంటదా, ఉండదా?”

ఆ పిల్లకు ఏది ముఖ్యమో అప్పుడు తెలిసింది. బడిలో గొప్ప కోసం కాదు ఆ అరుపు, నా కోసం. అయినా మెత్తబడలేదు.

“బిడ్డా, నా పేరు ఉండాలె. నాక్కూడా ఆశనే. గని స్వరూప ఆ పుస్తకం కొని తెచ్చుకుంటది. పొయ్యి పక్కన పెట్టి తెరుస్తది. దాంట్ల నలుగురికని ఉంటది. మల్ల నాకే ఫోన్ చేస్తది. నేను సచ్చినంక ఎవలకు చేస్తది?”

“గట్ల మాట్లాడకు.”

“ఉన్నదే మాట్లాడుతున్న. నలుగురికి వండేటోళ్లకు ఇంట్ల అమ్మలున్నరు, అత్తలున్నరు. హాస్టల్ల చేరిన పిల్లకు ఎవలున్నరు?”

మౌనిక పప్పును వేరే గిన్నెలోకి తీసింది. మాడిన గిన్నెలో నీళ్లు పోసి పెట్టింది. ఆ పప్పు పారేయలేదు. ముగ్గురం పెరుగు కలుపుకొని తిన్నాం.

పుస్తకం పంపేవాళ్లు ఇక్కడ ఒకటి ఆలోచించాలి. సంపాదకురాలు అడిగిన మార్పులన్నీ చేశాను. యజమాని అడిగిన మార్పు చేయనన్నాను. మొదటివి పుస్తకం ఎవరికోసం రాశానో ఆమెకు మేలు చేసేవి. రెండోది ఆ మనిషినే పుస్తకంలోంచి వెళ్లగొట్టేది. యజమాని చెడ్డవాడని నేను అనను. ఆయన అమ్ముకోవాలి, ఇంటి వంట పుస్తకాలు కొనేవాళ్లు ఎక్కువ. ఆయన వ్యాపారం ఆయనది. ఎవరు మార్పు అడిగినా అహం పక్కనపెట్టి వినండి. విన్నాక, ఆ మార్పుతో మీ పుస్తకం ఎవరి చేతికి చేరుతుందో, ఎవరి చేతి నుంచి జారిపోతుందో చూసుకోండి. ఆ తరువాత సరే అనండి, లేదా వద్దనండి. భయపడి మాత్రం సరే అనకండి. ఇంకెవరూ అడగరేమో అన్న భయం ఆ సాయంత్రం నాకూ ఉంది, మౌనికకు చెప్పలేదు అంతే.

మరునాడు పొద్దున

స్నానం చేసి, చాయ్ తాగి ఫోన్ చేశాను. యజమాని దొరకలేదు. సంపాదకురాలు ఎత్తింది.

“మేడం, నలుగురి కొలతలు నేను రాయను. నా పుస్తకం నాకు పంపియ్యండి.”

“మా సార్‌కు చెప్తానమ్మా. ఆయన ఒప్పుకోరు, నాకు తెలుసు. మీ పుస్తకం ఇక్కడ రాకపోవడం నాకు బాధగా ఉంది” అంది.

“మీరు చేసింది నేను మర్చిపోను.”

“ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇంకొకరికి పంపేటప్పుడు పైన పెట్టిన ఉత్తరం మార్చండి. అందులో వంట పుస్తకం అని మాత్రమే రాశారు. ఎవరి కోసమో రాయలేదు. లోపల చదివిన నాకు తెలిసింది. పైన ఉత్తరం మాత్రమే చూసిన మా సార్ ఇంటి వంట అనుకున్నారు, కొలతలు రెండు వందల మందికని నేను చెబితే మార్పించమన్నారు. ఆయన్ను అలా అనుకోనిచ్చింది మన ఉత్తరమే.”

ఆమె ‘మన’ అంది. నేను అది గమనించాను.

ఫోన్ పెట్టేసేసరికి మౌనిక బడికి తయారై గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. సంచి కింద పెట్టి, బడికి ఫోన్ చేసి ఒక పూట రానని చెప్పింది. కంప్యూటర్ తెరిచింది.

“చెప్పు. ఎవలకోసం?”

“రాయి. బాలికల హాస్టల్లో వంటకు కొత్తగా చేరిన ఆడమనిషి కోసం. ఆమె పక్కన చెప్పేటోళ్లు లేరు. ఆమె ముందల రెండు వందల మంది పిల్లలు పళ్లేలు పట్టుకొని నిలబడ్డరు.”

“గింతేనా?”

“నలుగురి కొలతలు ఇందుల లేవు, అడగొద్దు అని కూడ రాయి.”

“అడగొద్దు అని రాస్తె కోపానికొస్తరు అమ్మమ్మా.”

“అయితే ‘లేవు’ దగ్గర ఆపు.”

మౌనిక అక్కడ ఆపింది. ఇంకొక ప్రచురణకర్త చిరునామా ముందే వెతికి పెట్టుకుందట, నాకు చెప్పలేదు. దుకాణంలో కాగితాలు మళ్లీ తీయించి, కవర్లో పెట్టి, ఇద్దరం పోస్టాఫీసుకు నడిచాం. కిటికీ దగ్గర ఉన్న అతను కవరు తూకం వేస్తూ అడిగాడు.

“ఏమున్నదవ్వా ఇందుల?”

“పుస్తకం” అన్నాను.

ఆయన ముద్ర కొట్టి, రసీదు నా చేతికిచ్చాడు. మౌనిక రెండో పూటకు బడికి పోయింది. నేను ఇంటికి వచ్చాను.